అసిల్కాన్ గడప

పొద్దున ఏడింటికి అసిల్కాన్ కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లోని కుట్టుపని షెడ్డుకి బయల్దేరుతుంది. వెనకే ఆమె గడప కూడా బయల్దేరుతుంది. నరీన్ కొండల్లో అమ్మ పోయి, ఇల్లు కూలిపోయాక, ఆ చెక్క గడప ఆమె వెంటబడి వచ్చేసింది. పదకొండేళ్లయింది. "అక్కా, సీటు కిందకి తోసెయ్యి, ఎవరైనా తొక్కితే పాపం" అంటాడు వ్యాను డ్రైవరు, అంతే.

అలాంటి మనిషికి ఇంటి లోను కావాల్సొచ్చింది. అద్దెగది నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. నాలుగో అంతస్తులో చిన్న ఫ్లాటు చూసుకుని బయానా ఇచ్చింది. శుక్రవారంలోగా బ్యాంకు సరేననకపోతే ఫ్లాటూ పోతుంది, బయానా కూడా పోతుంది.

బ్యాంకులో మైరంబెక్ అనే కుర్రాఫీసరు కాగితాలు పక్కపక్కన పరిచాడు.

"పాస్‌పోర్టులో నరీన్ పల్లె. జీతం కాగితంలో ఒక వీధి. అద్దె కాగితంలో ఇంకో వీధి. ఇంతకీ మీరెక్కడుంటారక్కా?"

"ఆ రెండూ ఒకటే వీధి తమ్ముడూ. పోయినేడు పేరు మార్చింది మునిసిపాలిటీ వాళ్లు, నేను కాదు. పాస్‌పోర్టులో ఈ ఊరు ఎక్కాలంటే ఇంటాయన ఒప్పుకోవాలి. ఎక్కిస్తే గది నాదైపోతుందని ఆయన భయం."

"నేనొచ్చి కళ్లారా చూడాలి. రూలు."

వచ్చాడు. ఆమె పనిలో ఉన్న వేళ చూసి మరీ వచ్చాడు మహానుభావుడు. తలుపుంది, గడప లేదు. గడప లేని చోట మనిషెలా ఉంటుందని 'ఇక్కడ నివాసం లేదు' అని రాసి పారేశాడు. ఆ ముక్క గురువారం సాయంత్రం ఫోన్లో చెప్పాడు.

అసిల్కాన్‌కి ఒళ్లు మండిపోయింది. ఈ ఊరికి పదకొండేళ్లుగా ప్యాంట్లు కుడుతోంది. జీతంలో పన్ను కోసుకునేటప్పుడు ఒక్కడూ అడ్రసు అడగలేదే! శుక్రవారం పని మానేసి, తువ్వాలులో రొట్టె చుట్టుకుని బ్యాంకుకెళ్లి, మైరంబెక్ గది బయట కుర్చీ వేసుకుంది. గడప అతని గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

మధ్యాహ్నం భోజనానికి లేచినవాడు అక్కడ ఆగిపోయాడు.

"దీన్ని తియ్యండక్కా."

"పెట్టింది నేనా, తియ్యడానికి?"

"నాకు ఆకలేస్తోంది."

"దాటు మరి. ఇటువైపు ఇల్లు నాది."

మైరంబెక్ చుట్టూ చూశాడు. "కుడికాలు ముందు పెట్టవయ్యా" అని క్యాషియరమ్మ కౌంటర్లోంచి చెప్పి మళ్లీ పనిలో పడింది. అతను కాలెత్తి దాటాడు. అసిల్కాన్ రొట్టె తుంచి చేతికిచ్చింది. గడప దాటినవాడు రొట్టె ముట్టకుండా వెళ్లకూడదు, ముట్టాక ఆ ఇల్లు లేదనకూడదు. ఆ ఆనవాయితీ అతనికీ తెలుసు. తిన్నాడు.

"ఎవరింటికొచ్చావు?"

"మీ ఇంటికే."

"కళ్లారా చూశావా?"

"చూశాను."

"అయితే నిన్నటి అబద్ధం కొట్టేసి ఆ మాటే రాయి."

గోడకి కాగితం ఆనించి నిలబడే రాశాడు: 'గడప దాటాను. రొట్టె తిన్నాను. నివాసం నిజం.' మేనేజరమ్మ చదివి సంతకం పెట్టింది.

అసిల్కాన్ కోపం మాత్రం చల్లారలేదు. "ఇదే మొదటి రోజు చెయ్యడానికి నీకేమొచ్చింది?" అంది.

తాళాలు చేతికొచ్చిన రోజు వెనక్కి తిరిగి చూస్తే గడప లేదు. బ్యాంకునీ, మునిసిపాలిటీనీ, దారిలో తగిలిన ప్రతివాణ్నీ తిట్టుకుంటూ నాలుగంతస్తులూ ఎక్కింది. గడప ముందే వచ్చి కొత్త గుమ్మంలో సరిగ్గా అమరిపోయి ఉంది.

మర్నాడు ఏడింటికి ఆమె ఒక్కతే వ్యానెక్కింది.

"అక్కా, గడపేది?" అన్నాడు డ్రైవరు.

"ఇంట్లో ఉంది" అంది అసిల్కాన్.