ఆఖరి డయోడు వెలిగేదాకా

రెండో డయోడు కూడా చచ్చిపోయింది.

పొగ లేదు, చప్పుడు లేదు. బియ్యపుగింజంత కూడా లేని ఆ ముక్కలోంచి రావాల్సిన వెలుగు రాలేదు, అంతే. వచ్చినా కంటికి ఆనే వెలుగు కాదది. తెర మీద గీత లేస్తేనే ఉన్నట్టు. గీత పడుకునే ఉంది.

"నీ డ్రైవరే మింగేసింది వదినా," అంది మరదలు.

డ్రైవరంటే లేజర్ డయోడుకి కరెంటు అందించే పెట్టె. దాన్ని తయారుచేసింది వదినే. చంటిపిల్లకి పాలు పట్టినట్టు పట్టాలి. కాస్త ఎక్కువైతే డయోడుకి పొలమారుతుంది, ఇక లేవదు. కరెంటుని ఊయలలా మెల్లగా ఊపితే వెలుగు రంగు కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే రంగుల్లో ఒకదాన్ని మీథేన్ గ్యాసు తాగేస్తుంది. తాగినచోట గీతలో గుంట పడుతుంది.

లోపల ఆ గ్యాసుందో లేదో గుంట చూసి తేల్చుకోవాలనే సొరంగం దగ్గర పని ఆగిపోయింది. అక్కడ తవ్వకం పని చూసేది వదిన భర్త, అంటే మరదలికి అన్న. పాత పరికరం మూలపడింది. వాళ్ళ దగ్గరున్న చేతిమీటరు గ్యాసు మధ్యలోకి వెళ్ళాక గానీ కూయదు.

వదిన ఫోన్ మోగింది. అవతల భర్త.

"ఏమోయ్, మీ డ్రైవరు ఇంకా నిద్ర లేవలేదా?"

"నవ్వకండి. ఒక్క డయోడే మిగిలింది."

"కుర్రాళ్ళు ఎంతసేపని కూచుంటారు? మధ్యాహ్నం షిఫ్టుకి నేనే ఓసారి తొంగిచూసొస్తాలే."

"తొంగిచూడ్డానికి అదేమన్నా పక్కింటి కిటికీయా? నేనొచ్చేదాకా అడుగు లోపల పెట్టారో..."

లైను తెగింది. కిటికీ అవతల పొగమంచు ఇంకా విడలేదు. పెట్టె సన్నగా జోలపాడుతున్నట్టు మోగుతోంది. వదిన దాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. తానే కరెంటై తీగలోకి జారింది. గోరువెచ్చగా, ఒడుదుడుకుల్లేకుండా సాగింది. చివర తలుపు మూసి ఉంది. ఇంత కరెంటు వెళ్ళి తీరాలని వెనకనుంచి ఆజ్ఞ. దారి లేదు. తోసింది. ఇంకా తోసింది. అప్పుడెవరో తలుపు తీశారు.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

"డయోడు తగిలించేముందు ఏం చేస్తున్నావే?"

"డ్రైవర్ని ఆన్ చేసి వేడెక్కనిస్తా. కుదురుకుంటేనే కరెంటు నిలకడగా ఉంటుందని నువ్వేగా నూరిపోశావు!"

"ఖాళీగానా?"

"ఖాళీగానే. డయోడుకి పాపం శ్రమెందుకని."

"నీ జాలి తగలెయ్య!" వదిన నెత్తి కొట్టుకుంది. "దారి దొరక్క అది ఒత్తిడి పెంచుకుంటూ కూచుంటుంది. నువ్వు ప్లగ్గు పెట్టగానే అంతా ఒక్కసారిగా దాని నెత్తిన పడుతుంది."

ఆఖరి డయోడు రెండు కాళ్ళనీ రాగితీగతో కలిపారు. అది నిద్రపోతుండగా కరెంటు ఆ అడ్డదారినే తిరిగింది. డ్రైవరు కుదురుకున్నాక వదిన కరెంటుని సున్నాకి దించి, రాగితీగ తీసేసి, మళ్ళీ మెల్లగా పెంచింది.

గీత లేచింది.

వాళ్ళు వెళ్ళేసరికి సొరంగం నోరు తెల్లటి మంచులో తేలుతున్నట్టుంది. భర్త చేతిమీటరు పట్టుకుని అంచున నిలబడ్డాడు.

"ఆగన్నయ్యా!" మరదలు పరిగెత్తి అతని చెయ్యి పట్టుకుంది.

పరికరాన్ని లోపలికి గురిపెట్టారు. కనిపించని వెలుగు చీకట్లోకి వెళ్ళి, రాతిని తాకి, తిరిగొచ్చింది. గీత నడుమ గుంట పడింది.

"ఇంత చిన్నదేగా?" అన్నాడతను.

"మిమ్మల్ని పూడ్చడానికి చాలు."

అతను మీటరు కింద పెట్టి, రాయి మీద కూచున్నాడు. పెద్ద ఫ్యాన్లు తిరిగాయి. లోపలి గాలి కదిలి, మంచుని తోసుకుంటూ మనుషుల పక్కనుంచి సాగిపోయింది. తెర మీది గుంట నిదానంగా, కలలో నీళ్ళు ఊరినట్టు, నిండుతూ వచ్చింది.

అతను లేవబోయాడు. వదిన అతని హెల్మెట్ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకా నిండలేదు. కూచోండి."