రెండో గీత

గెన్‌ఫా పుల్లని ముక్కులో ఐదు చుట్లు తిప్పి తీసి, చిన్న సీసాలో ముంచి, కరోనా పరీక్షపలక మీద మూడు చుక్కలు వేశాడు. ఇక పదిహేను నిమిషాలు ఆగాలి. ఈలోగా క్యాబేజీతో కబుర్లు. సర్కారు సంచిలో వారానికి మూడొస్తాయి. రెండు వండుకుని ఒకదాన్ని మాటసాయానికి ఉంచుకుంటాడు. ఆ వసంతంలో షాంఘై క్యాబేజీలు విన్నన్ని ఇంటిగుట్లు ఏ పెళ్ళిళ్ళ పేరమ్మా విని ఉండదు.

సందు మొగలో ముప్ఫై ఒక్క ఏళ్ళు తాళంచెవులు కోసిన మనిషి. పొట్టివాడు. ఇత్తడి పొడి ఇంకి ఇంకి బొటనవేళ్ళు పచ్చగా మెరుస్తాయి. రోజుకి వందమందితో వాగితే గానీ తిన్నది అరగదు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. బయటికి రాకుండా సర్కారువాళ్ళు తలుపుకి కాగితప్పట్టీ అంటించి నలభై మూడు రోజులు. కాగితానికి ఏ తాళంచెవీ పనికిరాదు.

పలక మీద ఒకటే గీత తేలింది. జబ్బు లేదు.

"ఛీ" అన్నాడు గెన్‌ఫా.

ఎదుటి భవనంలో ఒంటరిగా ఉండే బావ్‌లిన్‌కి మాత్రం రెండు గీతలు పడ్డాయి. రిటైరైన బస్సు కండక్టరు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ రోజూ చదరంగం, రోజూ తగువు. పదకొండు రోజుల కిందట తెల్లసూట్లవాళ్ళు వచ్చి, ఎగ్జిబిషన్ హాల్లో మంచాలు వేసిన ఆసుపత్రికి తీసుకుపోయారు. బస్సెక్కుతూ పెళ్ళికొడుకులా చెయ్యూపాడు. ఆ చెయ్యి గెన్‌ఫా గుండెల్లో ఇంకా ఊగుతూనే ఉంది.

పొద్దున ఎనిమిదింటికి, అలవాటు ప్రకారం, బావ్‌లిన్ వీడియో కాల్ వచ్చింది.

"ఒరేయ్, బతికున్నావా? ఇక్కడ పన్నెండు వందల మందిమిరా. ఎడంపక్క వంటవాడు, కుడిపక్క టీచరమ్మ. నిన్న కోడికాలు పెట్టారు, బాతంత."

"కోడికి బాతంత కాలేమిట్రా?"

"కుళ్ళుకోకు, కళ్ళు పోతాయి. మధ్యాహ్నం టీచరమ్మ డాన్సు నేర్పుతోంది. నేను ముందువరస."

"నీకు మోకాళ్ళ నొప్పి కదా?"

"ఆడవాళ్ళ ముందు ఏ మోకాలూ నొప్పెట్టదురా."

టోపీ కళ్ళ మీదికి లాక్కుని నవ్వుతున్నాడు. స్టైలు చూడు వెధవకి, అనుకున్నాడు గెన్‌ఫా. సర్కారు ఉద్యోగం వాడికే, ఎండ తగిలే ఇల్లు వాడికే, చివరికి జబ్బు కూడా వాడికే.

గంజి చల్లారిపోతోంది. గెన్‌ఫా లేచి, పేరుముద్ర అద్దుకునే ఎర్రసిరా డబ్బీ తెరిచాడు. సన్న ఆకురాయి మొనతో పలక మీద రెండో గీత గీశాడు. ఫొటో తీసి, భవనం బాగోగులు చూసే మేజెన్‌కి పంపాడు. రెండు చొక్కాలూ, బ్రష్షూ, చదరంగం బిళ్ళలూ సంచిలో సర్దాడు. తల తడిపి దువ్వుకుని, బూట్లు తొడుక్కుని, మంచం అంచున కూర్చున్నాడు.

ఫోను మోగింది.

"గెన్‌ఫా అన్నా, నయం, గ్రూపులో పెట్టకుండా నాకే పంపావు. ఈ గీతేమిటి, వంకరగా ఉంది?"

"నా జబ్బే వంకరేమో."

"పక్కనే ఎర్రటి వేలిముద్ర కూడా ఉంది. పేరు కూడా రాయలేకపోయావా?"

గెన్‌ఫా వేలికంటిన ఎర్రసిరాని పంట్లాముకి తుడుచుకున్నాడు.

"రేపటితో మన భవనంలో ఒక్క జబ్బూ లేకుండా పద్నాలుగు రోజులు నిండుతాయి, కిందికి దిగనిస్తారు. నువ్వు గీసిన ఈ గీతతో ముప్ఫై ఇళ్ళకీ మళ్ళీ ఒకటి నుంచి లెక్క. నాలుగో అంతస్తు పిల్ల మాటలు మానేసి పొద్దస్తమానం కిటికీలోంచి కిందికే చూస్తోందని వాళ్ళమ్మ ఏడుస్తోంది. ఏం బుద్ధి పుట్టింది అన్నా నీకు?"

"వాడికి పన్నెండు వందల మందిని ఇచ్చారు మేజెన్. నాకు క్యాబేజీని ఇచ్చారు."

ఆమె గొంతు తగ్గించింది.

"బావ్‌లిన్ నాకూ ఫోను చేస్తాడు. ఏమడుగుతాడో తెలుసా? నువ్వు రాత్రి ఎన్నింటికి లైటు ఆర్పావని. అక్కడ రాత్రంతా లైట్లు ఆర్పరన్నా. టోపీ కళ్ళమీద కప్పుకుని దొర్లుతున్నాడు, పదకొండు రోజులుగా కునుకు లేదు. 'గెన్‌ఫాగాడిది అదృష్టం, వాడి స్విచ్చి వాడి చేతిలో ఉంది' అంటాడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

ఫోను పెట్టేశాక గెన్‌ఫా బూట్లు విప్పాడు. బావ్‌లిన్ తనని చూసి కుళ్ళుకుంటున్నాడు! ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి. వేడి సారా దిగినట్టు కడుపులో హాయిగా ఉంది. పట్టపగలు లైటు వేశాడు, ఆర్పాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ ఆర్పాడు. చేతులు కడుక్కుని కొత్త పలక మీద పరీక్ష చేసి, నిజమైన ఒంటిగీత మేజెన్‌కి పంపాడు. సాయంత్రం ఆరింటికి వాడు మళ్ళీ ఫోను చేస్తాడు. రాత్రి చీకట్లో ఎంత కమ్మగా గుర్రుపెట్టాడో వర్ణించి వర్ణించి చెప్పాలి. క్యాబేజీ ముందు రెండుసార్లు సాధన కూడా చేశాడు.

ఆరయింది. ఫోను రాలేదు. ఆరున్నరకి మేజెన్ చేసింది.

"బావ్‌లిన్ మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుస్తానన్నాడట. డాన్సుకి రమ్మని టీచరమ్మ లేపితే లేవలేదట అన్నా. గుండె ఆగిపోయిందంటున్నారు."

"పడుకునే ఉన్నాడా?"

"పడుకునే."

"అయితే నిద్ర పట్టిందన్నమాట" అన్నాడు గెన్‌ఫా.

వాడికన్నీ ముందే, అని ఒక్క క్షణం పాత కుళ్ళు లోపల బుస్సుమంది. అది తనదేనని తెలిసి తల వంచుకున్నాడు. చాలాసేపటికి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చినుకులు మొదలయ్యాయి. ఎదుటి బాల్కనీలో, బస్సెక్కే రోజున బావ్‌లిన్ ఉతికి ఆరేసిన నీలం బనీను వెదురుగడకి వేలాడుతోంది. పదకొండు రోజుల్లో రెండు వానలకి తడిసి రెండుసార్లు ఆరింది, ఇప్పుడు మళ్ళీ తడుస్తోంది.