సంచి వెనక పేజీ

ప్రూఫు మాస్టారి కన్నుగప్పి నలభై ఏళ్ళలో ఒక్క అచ్చుతప్పు కూడా బయటికి పోలేదు. కావాలంటే పందెం. కాగితం మీద ఈగ వాలితే, అది కామానా ఫుల్‌స్టాపా అని తేల్చుకుంటేగానీ తోలేవాడు కాదు. అచ్చాఫీసు నుంచి రిటైరయ్యాక ఆ చూపంతా భార్య పొట్ట మీదికి మళ్ళింది.

ఆవిడకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పొట్టలోకి పెన్సిలంత గొట్టం అమర్చి, ఇంట్లోనే చేసుకునే డయాలిసిస్ నేర్పారు. రోజుకు నాలుగుసార్లు చక్కెర కలిపిన మందునీళ్ళ సంచిని మేకుకు తగిలించి పొట్టలోకి దించాలి. పేగుల్ని చుట్టుకుని ఉండే పొరే జల్లెడ. నెత్తుట్లోని చెడు దానిగుండా ఇవతలికి వచ్చేస్తుంది. ఒంట్లో ఎక్కువైన నీటిని చక్కెర లాగేస్తుంది. కొన్ని గంటలు పోయాక అదంతా నేలమీది ఖాళీ సంచిలోకి దిగుతుంది.

"మీ ఇద్దరి ప్రాణం ఆ పొర మీదే ఉంది బాబాయ్ గారూ," అంది నర్సు. "దిగిన సంచి వెనక అచ్చుకాగితం పెట్టి చూడండి. అక్షరాలు కనబడితే సరే. మసగ్గా ఉంటే లోపల చీము పడుతున్నట్టు. ఆ పూటే తీసుకొచ్చేయండి. ఆలస్యమైతే పొర దక్కదు, పిన్నిగారూ దక్కరు."

"అక్షరాలు చూడమని ఈయనకా చెబుతున్నావు?" అంది భార్య. "నన్ను మొదటిసారి చూడ్డానికొచ్చి, మా గోడమీది క్యాలెండర్లో తప్పు పట్టుకుని వెళ్ళిన మనిషమ్మా."

న్యూస్‌పేపరు తప్పుల కుప్ప అని మాస్టారు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. తాను ఏడు ముద్రణలు దిద్దిన సైన్సు పాఠ్యపుస్తకంలోంచి ఒక పేజీ చింపి అట్టకు అంటించాడు. కణత్వచం పాఠం అది. ప్రతి పూటా సంచి వెనక దాన్ని నిలబెట్టి పైకి చదివేవాడు.

"కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉంటాయి. తలలు నీటివైపు, తోకలు లోపలివైపు. నడుమ ప్రోటీన్లు ద్వారాలుగా పనిచేస్తాయి. ఈ త్వచం కొన్నింటిని పోనిస్తుంది, కొన్నింటిని ఆపుతుంది."

"అచ్చం మీ అమ్మగారే," అనేది ఆవిడ. "మా వాళ్ళొస్తే గడప దగ్గరే ఆపేవారు."

ఎనిమిది నెలలు ఇలా గడిచాయి. ఒక సోమవారం ఆవిడ గోడ పట్టుకుని నిలబడింది. "పొట్టలో మెలిపెడుతోందండీ."

మాస్టారు అట్ట పెట్టి చదివాడు. "అక్షరం పొల్లుపోకుండా కనబడుతోంది. ఏదో పడలేదంతే."

మంగళవారం ఒళ్ళు కాలిపోయింది. మళ్ళీ చదివాడు. పూర్తిగా, చివరి వాక్యం దాకా.

బుధవారం ఆవిడే వంగి చూసింది. "నాకు తెల్లగా అనిపిస్తోందేమిటండీ?"

"కళ్ళజోడు తుడుచుకో."

గురువారం గొట్టం కొస మార్చడానికి నర్సు వచ్చింది. నేలమీది సంచి చూసి చేతిలో పెట్టె అక్కడే వదిలేసింది. "బాబాయ్ గారూ, ఇది పాలు కలిపినట్టుంది కదా."

"భలేదానివే. చదవనా?" అని ఆయన గడగడా అప్పజెప్పాడు.

నర్సు అట్ట తీసేసి, మందుపెట్టెలోని కాగితం మడత విప్పి సంచి వెనక పెట్టింది. "ఇది చదవండి."

మాస్టారు వంగాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఖాళీ కాగితం పెట్టావేమ్మా."

ఆమె కాగితాన్ని పక్కకు జరిపింది. నాలుగు భాషల్లో, చీమ దూరే సందు లేకుండా అచ్చు.

ఇక్కడితో నా పందెం నేనే ఓడిపోయాను. ఒక్క తప్పూ పోలేదన్నది ఉత్త కోత. అదే పుస్తకంలో కప్పకు అయిదు కాళ్ళని అచ్చయి, ఏడాదిపాటు పిల్లలంతా అదే రాసి మార్కులు తెచ్చుకున్నారు. మరీ బాగా తెలిసిన పేజీ మీద ఆయన కళ్ళు నడిచేవి గానీ చూసేవి కావు.

ఆస్పత్రిలో గొట్టం తీసేశారు. పొర మందంగా అయి పేగులకు అతుక్కుపోయింది, ఇక దేన్నీ పోనివ్వదన్నాడు డాక్టరు. నెత్తురు శుభ్రంచేసే మిషనుకు ఆవిడ గుండె తట్టుకోలేకపోయింది. పదకొండో రోజున పోయింది.

పోయే ముందు మాస్టారి చెయ్యి పట్టుకుని, "నలభై ఏళ్ళుగా నన్నూ చూడకుండానే చదివారు. నాకేం లోటు రాలేదులెండి," అంది.

ఈ కథ ప్రూఫులు నేను ఆయనకే ఇచ్చాను. ఎర్రసిరాతో పదమూడు తప్పులు పట్టాడు. ఈ నాలుగు ముక్కలూ ఆ తర్వాత చేర్చినవి. ఆవిడ ఆ మాట అనలేదు. పదకొండు రోజులూ నోట్లో ఊపిరి గొట్టమే; ఎవరితోనూ ఏమీ అనలేదు. అది నేను కల్పించి పెట్టాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా ఆ వాక్యం పక్కన మాత్రం ఏ గీతా పెట్టలేదు.