ఆగిన మూడో ఏడాది

మునెయ్య సత్యవేడు డిపోలో డ్రైవరు. ఆ రోజు తిరుపతి నుంచి బస్సు తెచ్చి డిపోలో పెట్టి, విశ్రాంతి గదిలో కాసేపు నడుం వాల్చాడు. టీ తాగుదాం రమ్మని తోటి డ్రైవరు చిన్నబ్బ వచ్చి పిలిస్తే పలకలేదు. భుజం పట్టి కదిపితే ఒళ్ళు చల్లగా తగిలింది.

మునెయ్య పెద్దకూతురు ఉదయలక్ష్మి అప్పటికి తిరుపతిలో ఒక మహిళా కళాశాల హాస్టల్లో ఉండి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది. మూడో సంవత్సరం మొదలై ఎక్కువ కాలం కాలేదు. చిన్నబ్బ ఆమెకు ఫోన్ చేసి, "మీ నాయనకు ఒంట్లో బాగలేదు పాపా, బయల్దేరి రా" అని మాత్రం చెప్పాడు. ఆమె ఎక్కిన సత్యవేడు బస్సు కండక్టరు ఆమెను గుర్తుపట్టాడు. టికెట్టు కొట్టడానికి దగ్గరికొచ్చి, కొట్టకుండానే ముందు సీట్ల వైపు వెళ్ళిపోయాడు. నాయన ఇక లేడని ఆమెకు అక్కడే అర్థమైంది. పుత్తూరు దాటేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఏడుపు రాలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు చిన్నబ్బ ఇంటికొచ్చి ఉద్యోగం సంగతి ఎత్తాడు. డ్యూటీలో ఉండగా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి సంస్థలో పని ఇస్తారు. తల్లి పెంచలమ్మ బడి మొహం చూడలేదు. తమ్ముడు దేవేంద్ర తొమ్మిదో తరగతి.

"పిల్లోడు పెద్దోడయ్యేదాకా ఆగితే?" అని అడిగింది పెంచలమ్మ.

"అన్నేండ్లు ఆగరు వొదినా. పాపకైతే కండక్టరు పని వొస్తాది. ఆలోచన జేసుకోండి" అన్నాడు చిన్నబ్బ.

"దీన్ని లెక్చరర్ను జేస్తానని డిపో అంతా చెప్పుకోని తిరిగినాడే మీ అన్న" అంది పెంచలమ్మ.

"నేను జేస్తానులే మ్మా" అంది ఉదయలక్ష్మి. అంతకు మించి ఆ మాట మీద చర్చ జరగలేదు.

ఆర్డరు అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. శిక్షణ, సెమిస్టరు పరీక్షలు ఒకే వారంలో పడ్డాయి. ఆమె శిక్షణకు వెళ్ళింది. అది ముగిశాక టీసీ తీసుకుందామని కళాశాలకు పోతే, స్టాటిస్టిక్స్ చెప్పే మోహన్‌కృష్ణ సార్ ఆమెను వరండాలోనే ఆపాడు.

"టీసీ ఇప్పుడే తీసుకోవద్దు ఉదయలక్ష్మీ. పేరు ఉండనీ. రేపెప్పుడైనా రావాలనిపిస్తే దారి ఉండాల కదా."

"రాను సార్" అంది ఆమె. అయినా టీసీ అడగకుండానే వెనక్కి వచ్చింది.

ఖాకీ చొక్కా తొడుక్కున్న మొదటి రోజుల్లో డిపోలో అందరూ ఆమెతో మెల్లగా మాట్లాడేవాళ్ళు. అది ఆమెకు కష్టంగా ఉండేది. పని మాత్రం త్వరగానే పట్టుబడింది. సత్యవేడు నుంచి నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతికి వెళ్ళే బస్సు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి మిషన్లో సున్నా టికెట్టు కొట్టి ఇవ్వాలి. పొద్దున బస్సు నిండా కాలేజీ అమ్మాయిలే. ఒకరోజు వాళ్ళ మధ్యలో తనతో చదివిన హేమశ్రీ ఉంది. ఒళ్ళో రికార్డు పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

"ఎట్లుండావు ఉదయా?" అంది హేమశ్రీ.

"బాగుండా" అని టికెట్టు చేతిలో పెట్టి ముందుకు కదిలింది ఉదయలక్ష్మి. తిరుపతి బస్టాండులో అందరూ దిగిపోయాక, ఖాళీ బస్సులో, నాయన పోయిన తర్వాత మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది.

మోహన్‌కృష్ణ సార్ ఒకసారి ఆమెతో మాట్లాడాలనే పుత్తూరులో ఆ బస్సెక్కాడు. నిలబడే మాట్లాడాడు. ఆమె పాసైన నాలుగు సెమిస్టర్ల చదువూ లెక్కలో భద్రంగానే ఉంటుందని, దాన్ని వేరే విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవచ్చని, ఉద్యోగం చేస్తూనే మిగిలింది పూర్తి చేసే మార్గాలు ఇప్పుడు చాలా వచ్చాయని చెప్పాడు.

"నాకు ఆశ పెట్టొద్దు సార్" అంది ఆమె. "సదువు మా నాయనతోనే పోయింది అనుకున్నా. అట్లనుకుంటేనే పొద్దున లేసి డ్యూటీకి పోగలుగుతా ఉండా."

పక్క సీటాయన టికెట్టు అడిగితే అటు తిరిగింది.

నాగలాపురంలో రోజూ భానుప్రియ అనే అమ్మాయి ఎక్కేది. బీఏ రెండో సంవత్సరం. ఎక్కుతూనే "అక్కా" అని పలకరించి, డ్రైవరు వెనక సీటులో కూర్చుని చదువుకునేది. సీటు దొరక్కపోతే కమ్మీకి ఆనుకుని, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదివేది. ఉన్నట్టుండి ఆ పిల్ల రావడం మానేసింది. జ్వరమేమో అనుకుంది ఉదయలక్ష్మి. నెల గడిచింది. తోటి పిల్లల్ని అడిగితే, వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చిందని, భానుప్రియ ఇక కాలేజీకి రాదని చెప్పారు.

వారపు సెలవు రోజున ఉదయలక్ష్మి వాళ్ళ ఊరికి వెళ్ళింది. ఎందుకు పోతున్నదో తనకే సరిగ్గా తెలియదు. ఇంటి ముందు భానుప్రియ దుప్పట్లు ఉతికి ఆరేస్తోంది. ఈమెను చూసి తడిచేతులతో అట్లాగే నిలబడిపోయింది. లోపల మంచం మీద తల్లి పడుకుని ఉంది. కుడివైపు కాలూ చెయ్యీ కదలడం లేదు. మాట కూడా సరిగ్గా రావడం లేదు. తండ్రి ఢిల్లీబాబు అప్పుడే చెరకు తోట నుంచి వచ్చాడు. కండక్టరమ్మ అని తెలిసి కుర్చీ వేశాడు. భానుప్రియ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"పాపను సదువు మానిపిస్తా ఉండారంట మామా" అంది ఉదయలక్ష్మి.

"నేను మానిపించేదేముండాది మ్మా. నువ్వే సూస్తా ఉండావు కదా. నేను తోటకు పోతే ఆమెకు నోట్లో నీళ్ళు పోసేదానికి మనిషి గావాల. కడిగేదానికి, తిప్పేదానికి ఆడమనిషి గావాల. అమ్మను వొదిలేసి ఈ పిల్ల యాడికి పోతాది?"

ఆయన మాటలో కోపం లేదు. అలసట ఉంది.

"ఇంట్లో ఉండి సదివేది కూడా ఉండాది మామా. పుస్తకాలు వాళ్ళే ఇస్తారు. ఆదివారాలు తిరుపతిలో క్లాసులుంటాయి. పరీక్షలకు పోతే సాలు. అదీ డిగ్రీనే."

ఢిల్లీబాబు ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు అట్లనే సదివినావా మ్మా?" అని అడిగాడు.

అది ఎత్తిపొడుపు కాదు. అట్లా చదివినవాళ్ళు ఉంటారా అని నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఉదయలక్ష్మి మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "లేదు మామా" అంది. "నాది మధ్యలో ఆగిపోయింది."

ఆయన తల ఆడించి మంచం దగ్గరికి వెళ్ళాడు. భానుప్రియ తలుపు దగ్గర నిలబడి నేలకేసి చూస్తోంది.

ఆ వారంలోనే ఉదయలక్ష్మి తన చదువు సంగతి మాట్లాడడానికి మోహన్‌కృష్ణ సార్‌ను కలిసింది. ఆయన ఆమెను ప్రిన్సిపాల్ గంగులమ్మ మేడం దగ్గరికి తీసుకుపోయాడు. మేడం కూర్చోమని, అంతా విన్నది. వినడంలో దయ ఉంది గాని, చెప్పింది మాత్రం నిబంధనలే. హాజరు లేనిదే పరీక్ష రాయనివ్వడం కుదరదు. ఇక్కడే చదవాలంటే వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్ళీ తరగతిలో కూర్చోవాలి.

"అన్ని నాళ్ళు సెలవు ఇయ్యరు మేడం" అంది ఉదయలక్ష్మి.

"అయితే సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మారు. నువ్వు చదివిన రెండేళ్ళూ వాళ్ళు లెక్కలోకి తీసుకుంటారు. నేరుగా మూడో సంవత్సరంలో చేరొచ్చు. కాకపోతే పట్టా మీద మన కాలేజీ పేరుండదు."

ఆ ఒక్క మాట దగ్గర ఆమెకు నాయన గుర్తొచ్చాడు. ఈ కాలేజీలో సీటొచ్చిన రోజు మునెయ్య ఖాకీ బట్టలతోనే వచ్చి, గేటు దగ్గర నిలబడి, లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. డిపోలో అందరికీ ఈ కాలేజీ పేరే చెప్పుకున్నాడు. ఆమె కుర్చీలోంచి లేచి, "సరే మేడం, టీసీ ఇప్పించండి" అంది.

సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరిన ఆ ఏడాది సులభంగా గడవలేదు. తెల్లవారుజాము డ్యూటీ ఉన్న రోజు సాయంత్రానికి కళ్ళు మూతలు పడేవి. తిరుపతి బస్టాండులో బస్సు ఆగి ఉన్నంతసేపు వెనక సీట్లో కూర్చుని లెక్కలు చేసేది. ఆదివారాలు డ్యూటీ పడకుండా చిన్నబ్బ తోటి కండక్టర్లను బతిమాలి మార్పిడి చేయించేవాడు. అందరూ ప్రతిసారీ ఒప్పుకునేవాళ్ళు కాదు. క్లాసు పోయిన వారాల్లో మోహన్‌కృష్ణ సార్ ఫోన్లో చెప్పేవాడు. మొదటి పరీక్షల్లో ఒక పేపరు తప్పింది. ఆ రోజు ఆమె అన్నం తినకుండా పడుకుంటే పెంచలమ్మ పక్కన కూర్చుని, "సాలించుకుంటావా?" అని అడిగింది.

"లేదు మ్మా."

"అయితే లేసి తిను. ఉత్త కడుపుతో సదువు ఎక్కుతాదా?"

ప్రాజెక్టు రాయాల్సి వచ్చినప్పుడు ఆమెకు వేరే విషయం తోచలేదు. తన బస్సులో కాలేజీకి పోతూ పోతూ మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లల గురించి రాస్తానంది. సెలవు రోజుల్లో వాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది. కొందరు పెళ్ళిళ్ళయి అత్తారిళ్ళకు వెళ్ళిపోయారు. కొందరు సత్యవేడు దగ్గర కంపెనీల్లో షిఫ్టులకు పోతున్నారు. ఒకమ్మాయి తలుపు తీసి, విషయం విని, తలుపు వేసేసుకుంది. చదువు రాక మానినవాళ్ళు బాగా తక్కువ. ఎక్కువమంది ఇళ్ళల్లో ఎవరో ఒకరు మంచాన పడ్డారు, లేదా పోయారు.

మౌఖిక పరీక్షకు బయటినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పట్టికలన్నీ ఓపికగా చూసి, "మరి దీనికి పరిష్కారం ఏమంటావమ్మా?" అని అడిగాడు.

"నాకు తెలియదు సార్. కాలేజీ మానేశాక మీ ఇంటికి ఎవరైనా వచ్చి మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగినారా అని అందరినీ అడిగినా. ఎవరూ రాలేదన్నారు. నా దగ్గరికి ఒక సార్ బస్సెక్కి వచ్చినాడు. అందుకే ఈడ కూర్చోనుండా."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తప్పిన పేపరు మళ్ళీ రాసి, అన్నీ పాసయ్యాననిపించుకుంది. మార్కులు గొప్పవేమీ కావు. పాసైనట్టు ఫోన్లో చూసుకున్నప్పుడు ఆమె పుత్తూరు బస్టాండులో ఉంది. తల్లికి ఫోన్ చేసి చెప్పింది. "మీ నాయన ఉండుంటే డిపోలో అందరికీ మిఠాయి పంచేటోడు" అంది పెంచలమ్మ. తర్వాత, "ఇంగ ఏం జేస్తావు?" అని అడిగింది.

"డ్యూటీ జేస్తా. ఎమ్మెస్సీ కూడా ఇట్లనే సదవొచ్చంట. సూడాల."

తర్వాతి సెలవు రోజున ఆమె మళ్ళీ ఢిల్లీబాబు ఇంటికి పోయింది. మంచంలో ఉన్న మనిషి అట్లాగే ఉంది, ఇంకా చిక్కిపోయింది. భానుప్రియ ఆమెను ఒక పక్కకు తిప్పి వీపు తుడుస్తోంది. ఢిల్లీబాబు కుర్చీ వేసి కూర్చోమన్నాడు.

"ఆ పొద్దు నన్ను ఒకటి అడిగినావు మామా" అంది ఉదయలక్ష్మి. "ఇప్పుడు సదివినా."

ఢిల్లీబాబు భార్య మంచం వైపు, కూతురి వైపు చూశాడు. "ఆదివారం ఒక్కరోజేనా?" అన్నాడు.

"ఆదివారాలు. మళ్ళా పరీక్షలప్పుడు."

భానుప్రియ చేరింది. ఆదివారాలు అన్నింటికీ రాలేకపోయేది. తల్లికి ఆయాసం వచ్చిన వారాల్లో ఇంటి దగ్గరే ఆగిపోయేది. అట్లాంటప్పుడు క్లాసులో ఏం చెప్పారో ఉదయలక్ష్మి కనుక్కుని, నాగలాపురంలో బస్సు ఆగిన కాస్త వ్యవధిలో ఆమెకు చెప్పేది. డ్రైవరు చిన్నబ్బ అయితే హారన్ కొట్టకుండా కొంచెం ఆగేవాడు.

పరీక్షల ముందు వారం ఆ తల్లి పరిస్థితి బాగా దిగజారింది. తిరుపతి ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఈ పిల్ల ఇక రాదనే అనుకుంది ఉదయలక్ష్మి. పరీక్ష రోజు పొద్దున బస్సు నాగలాపురం చేరేసరికి, రోడ్డు పక్కన ఢిల్లీబాబు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. పక్కన భానుప్రియ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, "నాయనా, వొద్దులే. నేను ఉంటా" అంది.

"మీయమ్మను నేను సూసుకుంటా. కడిగేది, తిప్పేది నేర్చుకున్నా కదా. నువ్వు ఎక్కు" అన్నాడు ఢిల్లీబాబు. ఉదయలక్ష్మి వైపు తిరిగి, "బిడ్డ జాగర్త మ్మా" అన్నాడు.

ఆమె భానుప్రియ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుని, డ్రైవరు వెనక సీటు దగ్గరికి వెళ్ళి, అక్కడ కూర్చున్నాయన్ను లేచి చోటివ్వమని అడిగింది. భానుప్రియ కూర్చుని పుస్తకం తీసింది గాని చాలాసేపు తెరవలేదు. కిటికీలోంచి వెనక్కి చూస్తూ ఉంది. తండ్రి అప్పటికే ఇంటివైపు గబగబా నడిచిపోతున్నాడు.

పుత్తూరు వస్తుండగా ఆమె పుస్తకం తెరిచింది.