మునిగిన కారు, మూలిగిన హారను

హారనుకు ధర్మం మోగడం కాదు; మోగమన్నప్పుడు మోగి, తక్కినప్పుడు నోరుమూసుకోవడం. ఈ సత్యాన్ని ఏ మహర్షీ సూత్రీకరించలేదు గాని, వరదనీరు సీట్ల దాకా ఎక్కి దిగిన నాటినుంచి మామగారి కారు దాన్ని వీధివారందరికీ బోధిస్తూ వచ్చింది. ఎడమవైపు సిగ్నలు వేస్తే హారను సన్నగా మూలిగేది. బ్రేకు తొక్కితే కారు లోపలి దీపం వెలిగేది. హారను నొక్కితే మాత్రం మహామౌనం.

ఇంజను మేస్త్రీ వచ్చి, నీళ్లు తోడి, నూనె మార్చి, "నా వరకు బండి బంగారం. ఈ దయ్యాలు కరెంటు మనిషివి" అని చేతులు దులుపుకున్నాడు. ఆ కరెంటు మనిషి ఎవరో కాదు, ఆ ఇంటి అల్లుడే. కార్ల వైరింగు పనిలో అతడి మాటకు తిరుగులేదు. అత్తవారింట్లో మాత్రం అతడి బిరుదు 'ఫ్యూజు బాబు'.

అతడు మీటరూ టెస్టు లాంపూ సంచిలో వేసుకుంటూండగా భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమండీ, కాసేపు చూసినట్టు చూసి, ఇక లాభం లేదని చెప్పేయండి. సాయంత్రం పాత ఇనుము కొట్టువాడు వస్తానన్నాడు."

"బాగుపడేదైతే?"

"బాగుపడేదైనా సరే. పోయిన నెల గేటు స్తంభాన్ని గీకేశాడు నాన్న. రేపు ఏ మనిషినో గీకితే? నేను చెబితే వినడు. మీరంటే గురి. ఒక్క అబద్ధమేగా!"

"అంత చిన్నదైతే నువ్వే చెప్పరాదూ?"

"నాకు కార్ల గురించి ఏం తెలుసు?" అంది ఆవిడ, న్యాయశాస్త్రం తన పక్షానే ఉన్నట్టు.

ఆ విధంగా ఒక కారు ప్రాణమూ, ఒక వృద్ధుడి డ్రైవింగూ అల్లుడి నాలుక చివర వేలాడదీయబడ్డాయి.

అతడు ఎప్పటిలాగే ఫ్యూజుపెట్టెతో మొదలుపెట్టాడు. మూత తీసి నిర్ఘాంతపోయాడు. వరదలో మునిగిన కారులో ఫ్యూజులు బురదగా ఉండాలి. ఇవి పెళ్లికూతుళ్లలా తళతళలాడుతున్నాయి. పైగా చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా, రంగుకు రంగు కలిసి, సైనికుల్లా బారులు తీరి ఉన్నాయి.

"ఇవి ఎవరు తీశారు మామయ్యగారూ?"

"నేనే నాయనా." ఉద్యోగకాలమంతా గ్రంథాలయం నడిపిన మామగారు కించిత్తు గర్వంగా దగ్గరికి వచ్చాడు. "సబ్బుతో కడిగి, నీడన ఆరబెట్టాను. లోపల ఎంత అరాచకంగా ఉండేవనుకున్నావు! ఐదు పక్కన ముప్పై, ముప్పై పక్కన పది. ఎవడో బుద్ధిలేనివాడు కుక్కి పారేశాడు. నేనే వరుసలో సర్దాను."

అల్లుడు నవ్వును దగ్గుగా మార్చాడు. "సర్దడం బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే వీళ్లలో ఎవరి గది వాళ్లది. మూత లోపలివైపు అచ్చేసి ఉంటుంది."

మామగారు కళ్లజోడు సవరించుకుని మూత తిప్పి చూశాడు. మొహం వాడిపోయింది. "అయ్యో, క్యాటలాగు ఉందే!" అన్నాడు.

ఫ్యూజులు తమతమ గదులకు చేరాయి. మాడినవాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. హారను నొక్కితే మోగింది. కాని ఎడమ సిగ్నలుకు మూలగడం మానలేదు. అప్పుడు అతడు టెస్టు లాంపు ఒక కొసను బ్యాటరీకి తగిలించి, రెండో కొసను కారు వెనకభాగంలోని నల్లతీగలకు ఆనించాడు. లాంపు జ్వరపడిన కన్నులా మినుకుమంది. రోగం ఎర్తులో ఉంది. వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి తన వీధి మూసుకుపోతే, పక్కవాళ్ల పెరట్లోంచి దూరి వస్తుంది. దారిలో కనబడ్డ దీపాన్నీ హారనునూ కదిలించి మరీ వస్తుంది.

సీటు విప్పి, కంపుకొడుతున్న తివాచీ ఎత్తాడు. నల్లతీగలన్నీ కలిసే బోల్టు చిలకపచ్చగా కిలుం పట్టి ఉంది.

"నీళ్లు తీశాక తాళం ఏమైనా తిప్పారా?"

"రోజూ పొద్దున్నే తిప్పేవాణ్ని. ప్రాణముందో లేదో చూడాలి కదా?" అని, అల్లుడు బోల్టుకేసే చూడటం గమనించి మామగారు గొంతు తగ్గించాడు. "తిప్పకూడదా? ఈ పచ్చదనం నా వల్లేనా?"

తడిలో కరెంటు పారించి బోల్టును స్వహస్తాలతో కిలుముకు తినిపించింది ఆయనే.

"వరద వల్ల మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. అబద్ధం చెప్పమన్న భార్య కోరిక ఆ మేరకు నెరవేరింది.

గరుకు కాగితం చేతిలోకి తీసుకుని ఆగాడు. నాలుగు రుద్దులతో అయిపోయే పని. రుద్దకపోతే కారు కథే అయిపోతుంది.

"ఈ కారు మీకు అంత అవసరమా? పిలిస్తే టాక్సీ వస్తుంది కదా."

"వస్తుంది. అందులో మీ అత్తయ్య నోరు విప్పదు. ఇంట్లోనూ అంతే. ఇన్నేళ్ల తరువాత ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం చెప్పు? నేను కారు నడిపితే మాత్రం, మెల్లగా, సైకిలు వస్తోంది, గుంట చూసుకోండి అని ఒకటే పోరు. వరద వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు గ్రంథాలయంలా ఉంది నాయనా. ఉద్యోగం వదిలాక కూడా నాకెందుకీ నిశ్శబ్దం?"

అల్లుడు బోల్టును అద్దంలా మెరిసేదాకా రుద్దాడు.

తీగలు బిగించి మీట వేస్తే ఎడమ సిగ్నలు ఎడమనే వెలిగింది. బ్రేకుకు బ్రేకు దీపాలే వెలిగాయి. గుమ్మంలోంచి భార్య చూసిన చూపుకు అతడు తల వంచుకున్నాడు.

"ఒక్క మాటండీ నేను అడిగింది!"

"అంత చక్కగా మెరుస్తుంటే ఎలా చెప్పనే?"

ఇంతలో అత్తగారు, ఎవరూ పిలవకుండానే, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ముందుసీటులో కూర్చుంది. మామగారు తాళం తిప్పాడు. ఇంజను గర్జించింది. హారను ఒక్కసారి, అడిగినంత మేరకే, మోగింది.

"ఏంటా తొందర? గేటు పూర్తిగా తీశారా? అద్దంలో చూడండి! కుడికి, కుడికండీ!"

"చూస్తూనే ఉన్నానే!"

"ఏం చూస్తున్నారు, నన్నా?"

మామగారు స్టీరింగు మీద వంగి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. కూతురి మొహంలో బింకం సడలింది. ఆమె గేటు దగ్గరికి వెళ్లి, అప్పుడే దిగిన పాత ఇనుము కొట్టువాడితో ఇక రానక్కరలేదని చెప్పింది. అల్లుడు సంచి భుజాన వేసుకుని, ధర్మం నాలుగు పాదాల మీదా నిలబెట్టిన వాడిలా నిట్టూర్చాడు.

అత్తగారు దారి చెబుతూనే ఉంది. వెనక చక్రాల బ్రేకులు తుప్పుపట్టి డ్రమ్ములకు అతుక్కుపోవడం వల్ల కారు అంగుళం కూడా కదలలేదు.