దభేలమ్మ పడని రోజు

కుర్చీల షాపాయనకు ఒక జబ్బు ఉంది. ఊగే కుర్చీ కనిపిస్తే ఊరుకోలేడు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే కూర్చునే ముందు కుర్చీని ఒకసారి కుదిపి చూస్తాడు. అది కిర్రుమందా, ఇక అయిపోయిందే. జేబులోంచి స్క్రూడ్రైవరు బయటికొస్తుంది, ఆయన బల్ల కింద మాయమైపోతాడు. ఏమైనా పడిపోయిందా అని పక్కవాళ్ళు అడిగితే, "పరువండీ, వెతుకుతున్నారు" అని ఆయన భార్య జవాబు చెబుతుంది.

ఈ జబ్బు వల్ల ఆయనకు చీవాట్లు తప్ప దక్కిందేమీ లేదు. ఒక్కసారి మాత్రం పెద్ద లాభం వచ్చింది. అదీ ఆయన తెలివివల్ల వచ్చింది కాదు.

షాపు మీద బోర్డు ఇలా ఉంటుంది: "దభేలమ్మ అన్నగారి కుర్చీలు. ఇవి విరగవు." దభేలమ్మ ఎవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆమె పడింది. రంగులు రాకముందు నుంచీ నడిచిన ఆ హాస్య కార్యక్రమంలో ఆమెది పాటల బృందంలో చేరాలని తపించిపోయే ఇల్లాలి వేషం. వారం వారం పాట అందుకునేది, శ్రుతి తప్పేది, కుర్చీలో కూర్చుని వయ్యారంగా వెనక్కి వాలేది, దభేల్‌మని పడేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ పడే కుర్చీని తయారుచేసింది అన్నగారే. వెనక కాలు ఒకటి కోసేసి, దాన్ని మళ్ళీ సన్నటి వెదురు చీలతో నిలబెట్టేవాడు. చూడ్డానికి గట్టి కుర్చీయే. మడమతో వెనక్కి ఒక్క తన్ను తన్నితే చీల విరిగి కాలు జారిపోయేది. విరిగే కుర్చీలు స్టూడియోకి, విరగని కుర్చీలు జనానికి. రెండు వైపులా గిరాకీయే. చెల్లెలు పడ్డకొద్దీ అన్న లేచాడని బజార్లో అనుకునేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు. నిజం పలికే చోట వాదన పెట్టుకుంటే కొనడానికి వచ్చినవాడు కూడా వెళ్ళిపోతాడు.

అయితే ఆ ఇంట్లో జనం ఎరగని సరుకు ఒకటి ఉండేది. దభేలమ్మకు పాట వచ్చు, ఆట వచ్చు. రావడమంటే ఏదో నలుగురిలో నవ్వులపాలు కాకుండా బయటపడేంత కాదు, నిజంగా వచ్చు. శ్రుతి తప్పాల్సిన పాటను ఆమె ముందు తప్పు లేకుండా నేర్చుకునేది. అన్నాచెల్లెళ్ళ వాటాల మధ్య ఉన్నది ఒకటే గోడ. ఆ గోడ అవతల పాట నిండుగా సాగేది, గజ్జెలు లేకపోయినా పాదాలు తాళం తప్పకుండా పలికేవి. అంతా కుదిరాక, ఎక్కడ తప్పాలో అక్కడ తప్పడం సాధన చేసేది. "ఇంత మంచి సరుకు తయారుచేసి పగలగొట్టి అమ్మడమేమిటి" అని ఇవతల అన్నగారు అనుకునేవాడు. అనుకుని అటు తిరిగి పడుకునేవాడు. పగిలినదానికే గిరాకీ ఉన్నప్పుడు మంచిది బయటపెట్టేవాడు వ్యాపారి కాడని ఆయన లెక్క. ఆ లెక్కలో ఎవరూ తప్పు పట్టలేదు. ఆయన ఎవరికీ చూపించలేదు మరి.

కార్యక్రమం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ పాత స్టూడియో హాలు మూసేస్తున్నారని, మూసేముందు పాత నటులందరితో జనం ఎదుట ఒక సాయంత్రం జరుపుతున్నారని కబురొచ్చింది. దభేలమ్మ చివరిసారి పడాలట. ఆమె కబురందుకుని నేరుగా షాపుకొచ్చింది.

"పడతానన్నయ్యా. మోకాళ్ళ డాక్టరు ఇదే ఆఖరన్నాడు. దీని తర్వాత మళ్ళీ స్టేజీ ఎక్కేది లేదు. అందుకే పడేముందు ఒక పాట పాడనివ్వమని అడుగు. సరిగ్గా పాడతాను, సరిగ్గా ఆడతాను. ఆ తర్వాత వాళ్ళ ఇష్టం, ఎలా పడమంటే అలా పడతాను."

"ఏ పాట?"

"రోజూ పాడుచేసిందే. 'వానొచ్చి పోయింది'. దానికి చివరి చరణం ఒకటుందని ఈ లోకంలో ఎవరికైనా తెలుసా? రెండో చరణంలోనే పడిపోయేదాన్ని కదా."

అన్నగారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "నేనున్నాగా. బేరమంటే నాకు మంచినీళ్ళ ప్రాయం."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకి వెళ్ళాడు. ఆ సాయంత్రం బాధ్యతంతా ఒక డైరెక్టరుది. మర్యాదస్తుడు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఆ కుర్చీ ఊగింది. అన్నగారి మనసు సగం అక్కడే పోయింది.

"మేడంగారు పాడతారా? పాడాల్సిందే సార్! పాడి, పడాలి. జనం వచ్చేది దానికేగా."

"అలా కాదండీ. తప్పు లేకుండా పాడతానంటోంది."

డైరెక్టరు పగలబడి నవ్వాడు. ఎదుటివాడు నవ్వడం లేదని గమనించి ఆపేశాడు. "సార్, మీరు వ్యాపారస్తులు, మీకు తెలియందేముంది? విరగని కుర్చీ పంపిస్తే ఆ రోజుల్లో ఈ స్టూడియో తీసుకునేదా?"

వ్యాపారిని వ్యాపారం మాటతోనే కొట్టాడు. అన్నగారు కింద ఊగే కుర్చీని ఒకసారి కుదిపి చూసుకున్నాడు. ఆ సందులోనే డైరెక్టరు, "ముందు వరసలో కుర్చీలన్నీ మీ షాపువే వేయిద్దామనుకుంటున్నాం. ఏమంటారు?" అన్నాడు. ఏమంటాడు? చెక్క ఏది, పాలిష్ ఏది, చేతులుండాలా వద్దా అని ఎంతసేపు మాట్లాడాడో ఆయనకే తెలియదు. స్కూటరు స్టార్టు చేస్తుంటే గుర్తొచ్చింది, తను వచ్చింది పాట కోసమని.

ఇంట్లో ఆయన సంగతి చెబుతుంటే భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడి మరీ విన్నది.

"పాట ఇచ్చేసి కుర్చీలు తెచ్చుకున్నారన్నమాట. ఇంకా నయం, మీ చెల్లెల్ని అక్కడే వదిలేసి రాలేదు."

"ఒప్పుకోలేదే, నన్నేం చెయ్యమంటావ్?"

దభేలమ్మ మాత్రం నింపాదిగా అడిగింది. "అన్నయ్యా, నువ్వు అడగడానికి వెళ్ళావా, అమ్మడానికి వెళ్ళావా?"

ఆయన జేబులో స్క్రూడ్రైవరు సర్దుకున్నాడు. ఆమె చీర కొంగు సర్దుకుని లేచింది. "సరేలే. ముందు వరసవాళ్ళైనా హాయిగా కూర్చుంటారు."

ఆ రోజునుంచి గోడ అవతల పాట వినపడలేదు. పాట వినపడుతుంటే అటు తిరిగి పడుకునే మనిషికి అది వినపడకపోతే నిద్ర పట్టలేదు. బేరంలో తను ఏం పోగొట్టుకొచ్చాడో అప్పుడు అర్థమయింది. అర్థమై మాత్రం ఏం లాభం, ముందు వరస కుర్చీలకు అప్పటికే పాలిష్ ఆరుతోంది.

చివరికి ఆ సాయంత్రం రానే వచ్చింది, హాలు కిటకిటలాడింది. అన్నగారు తెర పక్కన విరిగే కుర్చీ దగ్గర కాపలా కూర్చున్నాడు. ఆ కుర్చీని పాత పద్ధతిలోనే స్వయంగా చేశాడు, చీల స్వయంగా చెక్కాడు. ఎదురుగా పాత రోజుల్లో ఆమె ప్రతి పాటకూ హార్మోనియం పట్టిన మాస్టారు పెట్టె తుడుచుకుంటున్నారు. పాత వేషం కట్టుకుని, బుగ్గలకు గులాబీ రంగు పూసుకుని దభేలమ్మ వచ్చింది.

"ఎంతవరకమ్మా?" అన్నారు మాస్టారు.

"మామూలే మాస్టారూ. రెండో చరణం దాకా."

"చివరిది ఈసారైనా పాడతావనుకున్నానే."

"మా అన్నయ్య ముందు వరస బాగా కట్టాడు. చూశారా?" అని ఆమె అటువైపు వెళ్ళిపోయింది.

అన్నగారికి చెవులు వేడెక్కాయి. తల వంచుకుని కూర్చున్నాడు. చెల్లెలికి ఏం చెప్పాలా, ఎలా చెప్పాలా అని మనసులో ఒక్కో మాటా పేర్చుకుంటూ ఉన్నాడు. మనసు ఆ పనిలో ఉంటే చేతులకు తోచలేదు, వాటి పని అవి చూసుకున్నాయి. ఇంతలో ఇద్దరు మనుషులొచ్చి కుర్చీని ఎత్తుకెళ్ళి స్టేజీ మధ్యలో పెట్టారు.

దభేలమ్మ స్టేజీ మీద అడుగు పెట్టగానే చప్పట్లు. నోరు తెరవగానే నవ్వులు. 

"వానొచ్చి పోయింది, వాకిలి తడిసింది, నువ్వొస్తానన్న దారి ఇంకా ఆరలేదు" అన్న పల్లవిని ఆమె ఎక్కడ వంచాలో అక్కడ వంచింది. మేక అరిచినట్టు, తలుపు బందు కీచుమన్నట్టు. జనం కడుపులు పట్టుకున్నారు. రెండో చరణం వచ్చింది. కుర్చీలో కూర్చుంది, వయ్యారంగా వెనక్కి వాలింది, మడమతో తన్నింది.

కుర్చీ కదల్లేదు.

చేతులు గాల్లో ఆడించి మళ్ళీ తన్నింది. రాయిలా నిలబడింది కుర్చీ. ఇదీ తమాషాలో భాగమేననుకుని జనం ఇంకా నవ్వారు. మాస్టారు అదే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తున్నారు. ఆమె ఈసారి ఒళ్ళంతా బిగబట్టి తన్నింది. మోకాలు కలుక్కుమన్నట్టుంది, పెదవి కొరుక్కుంది. తెర పక్కకు చూసింది.

అన్నగారు కూడా అప్పుడే తన చేతుల వంక చూసుకున్నాడు. కుడిచేతిలో స్క్రూడ్రైవరు. ఎడమ అరచేతిలో వెదురు చీల.

"సార్! ఏంటి సార్ ఇది?" డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"స్క్రూ... బిగించానండీ."

"ఎందుకు సార్!"

"ఊగుతోంది."

డైరెక్టరు నెత్తి పట్టుకున్నాడు. స్టేజీ మీదనుంచి దభేలమ్మ అన్న చేతిలోని చీలను చూసింది. ఆమె ముఖంలో ముందు కోపం వచ్చింది, వెనకే నవ్వు వచ్చింది, ఆ రెండూ పోయాక ఇంకేదో వచ్చింది. కుర్చీలోంచి లేచి మాస్టారి వైపు తిరిగి తలూపింది. మాస్టారు వాయిస్తున్న ముక్క ఆపేసి, ఒక్క స్వరం నిలిపి పట్టారు.

ఆమె పాట మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఎక్కడా వంచలేదు.

నవ్వు వెంటనే ఆగలేదు. ఏళ్ళ తరబడి ఒకే సరుకు కొన్న జనం కొత్తది చూపించినా పాతదే అనుకుంటారు. ఇప్పుడు తప్పుతుంది, ఇదిగో ఇప్పుడు తప్పుతుంది అని కాచుక్కూర్చున్నారు. ముందు వరసలో ఒక పెద్దమనిషి నవ్వుతూనే ఉంటే పక్కనున్న భార్య మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. అన్నగారు తెర అంచు పట్టుకుని ముందుకు వంగాడు. ఈ నవ్వు ఆగకపోతే చెల్లెలికి మిగిలేది ఇదే, ఇక మరో రోజు లేదు.

రెండో చరణంతో ఆమె ఆట మొదలుపెట్టింది. చేతులు గాల్లో ఆడించింది, ఒంటికాలి మీద తిరిగింది, నడుము వెనక్కి వాల్చింది. అన్నీ జనానికి తెలిసినవే. పడబోయే ముందు ఆమె ప్రతి వారం చేసినవే. ఇన్నాళ్ళూ వాటిని మధ్యలో తెంచేసేది, ఇప్పుడు తెంచకుండా చివరిదాకా తీసుకెళ్ళింది. అంతే తేడా. తాము ఇన్నేళ్ళూ చూసి నవ్వుకున్నది సగం నాట్యమని జనానికి అప్పుడు తెలిసింది. నవ్వు ఒక్కో వరసే ఆగిపోతూ వెనక్కి వెళ్ళింది.

"ఆరకపోతేనేం, అడుగులు పడతాయి,
రాకపోతేనేం, నేనే వస్తాను."

చివరి చరణం అది. గోడ పక్కన అన్నేళ్ళు బతికి కూడా అన్నగారు దాన్ని సరిగ్గా విన్నది ఆ రోజే.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎప్పుడు కొట్టాలో వాళ్ళకు తెలియలేదు, ఆమె పడితేనే కొట్టడం అలవాటు. దభేలమ్మ వెళ్ళి కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. ఆమె నెమ్మదిగా కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది. పడలేదు.

అప్పుడు లేచారు జనం. నవ్వులూ చప్పట్లూ ఈలలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

తెర పక్కన డైరెక్టరు అన్నగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "చెల్లెలి కోసం ఎంత పెద్ద ఆలోచన చేశారు సార్! నాక్కూడా చెప్పకుండా!"

"ఏదో, మన చేతనైనంత" అన్నాడు అన్నగారు. చేతికొచ్చిన దాన్ని తిరిగిచ్చే అలవాటు ఆయనకు లేదు.

"ఆలోచనా? ఈయనా?" అంది అప్పుడే తెర పక్కకొచ్చిన ఆయన భార్య. "బాబూ, మీరు ఈయన్ని భోజనానికి పిలవండి ఒకసారి, తెలుస్తుంది."

దభేలమ్మ మోకాలు రాసుకుంటూ వచ్చింది. చమటకు గులాబీ రంగు చెదిరిపోయింది. "నిజం చెప్పన్నయ్యా. కావాలనే చేశావా?"

అవునంటే చాలు. బతికినంతకాలం ఈ ఇంట్లో ఆయన మాటకు ఎదురుండదు. అబద్ధానికి అంత ధర పలికే చోటు మళ్ళీ దొరకదు. నోరు తెరిచాడు.

"లేదమ్మా. ఊగుతుంటే బిగించాను."

"నాకు తెలుసులే" అని ఆమె పడీ పడీ నవ్వింది. "కావాలని చేసేవాడివైతే ముందే పదిమందికి చెప్పి టికెట్లు అమ్ముకునేవాడివి."

తర్వాత షాపుకొచ్చేవాళ్ళు ఆ కుర్చీ కావాలని అడిగారు. అమ్మకానికి లేదన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆయనకే నమ్మకం కుదరలేదు. మనిషి రిపేరుకొచ్చాడేమోనని భార్య ఆయన నుదురు తాకి చూసింది.

దభేలమ్మ ఇప్పుడు పొద్దున్నే షాపుకొచ్చి కూర్చుంటుంది. పాలిష్ పట్టాల్సిన పాత కుర్చీల మధ్య బాగా ఊగేదాన్ని వెతుక్కుని మరీ కూర్చుంటుంది. పాట ఎత్తుకుంటుంది. కుర్చీ కాలు నేలకు తగిలి టకటకమంటుంటే అదే తాళం. అన్నగారి చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

"అన్నయ్యా, చెయ్యి" అంటుంది ఆమె, పాట ఆపకుండానే.

ఆయన చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంటాడు. చివరి చరణం అయ్యేదాకా ఆ కుర్చీ ఊగుతూనే ఉంటుంది. ఆయన పళ్ళు కొరుక్కుంటూ వింటాడు.