పిన్ని గొంతున్న ఫైలు

నేను తాడును చూసినా పామనుకునే రకం. నా కంప్యూటరు డిస్కులోని ఫైళ్లన్నిటికీ పాస్‌వర్డుతో తాళం వేశాను. అది చాలదన్నట్టు వాటి పేర్లు కూడా ఎవరికీ అర్థం కాని అక్షరాల గుంపులుగా మార్చేశాను. నన్ను పెంచిన పిన్ని నవ్వేది. "మనింట్లో దొంగలు ఎత్తుకుపోవడానికి ఏముందే, నా నోరు తప్ప?" అనేది.

ఆ నోరే పోయింది. గొంతు ఆపరేషన్ అయి నెల దాటింది. చీమ చిటుక్కుమన్నా వ్యాఖ్యానం చెప్పే మనిషి ఇప్పుడు పలక మీద "నీళ్లు", "చాలు" అని రాసి చూపిస్తోంది. రెండు గదుల ఇంట్లో ఇద్దరం ఉన్నాం. అయినా నాకు ఒంటరిగానే ఉంది. ఆ గొంతు ఒక్కసారి వినాలని ఉంది. ఎప్పుడో రికార్డు చేశాను, అది ఆ డిస్కులోనే ఉంది. డిస్కేమో చావుబతుకుల్లో ఉంది.

"ఇంకో గంట ఆడితే గొప్పమ్మా," అన్నాడు దాన్ని బాగుచేసే ఆయన. "మొత్తం లాగబోతే మొదటికే మోసం. కావాల్సిన ఫైలు పేరు చూసుకుని, అదొక్కటే తీసుకోండి."

అసలు పేర్ల జాబితా పాడైన భాగంలో పోయింది. మారుపేర్ల జాబితా మాత్రం దక్కింది. మారుపేరు నుంచి అసలు పేరు వెనక్కి రాదు. అలా చేసిన ఘనత నాదే. అందుకని, అసలు పేరు ఇస్తే మారుపేరు చెప్పే షెల్ స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము రాశాను. వేరే ఫోల్డరుకు అదే తాళం వేసి, ఉత్తుత్తి ఫైళ్లు పెట్టి పరీక్షించాను. పొడుగు పేరు, పొట్టి పేరు, మధ్యలో ఖాళీ ఉన్న పేరు, అన్నీ కుదిరాయి.

అప్పుడు "పిన్ని గొంతు" అని కొట్టాను. ఠక్కున మారుపేరు వచ్చింది. కానీ అది దక్కిన జాబితాలో లేదు. "పిన్ని మాటలు" అన్నాను. అదీ లేదు. "కబుర్లు" కూడా లేదు. నా స్క్రిప్టు ఏ పేరిచ్చినా కాదనదు, పుట్టని ఫైలుకు కూడా బారసాల చేసేస్తుంది. నేను ఫైలుకు ఏం పేరు పెట్టానో దానికేం తెలుసు? ఇరవై మూడు పేర్లయ్యాక బల్ల మీద గుద్దాను.

పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. తెర మీది పేర్లన్నీ చదివింది. పలక తుడిచి ఒక్క మాట రాసింది.

"గోల."

నాకు ముఖం చెల్లలేదు. మూడేళ్ల కిందట, పని చేసుకోనివ్వడం లేదని, ఎంత వాగుతోందో తనకే వినిపిద్దామని రికార్డు చేసి, ఆవిడ ఎదుటే ఆ పేరు పెట్టాను. నేను మరిచిపోయాను. ఆవిడ మరిచిపోలేదు.

ఆ పేరు కొట్టాను. జాబితాలో ఉంది. ఫైలు చేతికొచ్చిన కాసేపటికే డిస్కు ఆగిపోయింది.

పదకొండు నిమిషాలు. కారే కుళాయి, పక్కింటావిడ చెప్పులు, నా తెల్లవెంట్రుకలు, రికార్డులో పిన్ని దేన్నీ వదల్లేదు. తన జోకులకు తానే శబ్దం లేకుండా నవ్వింది పక్కన కూర్చున్న పిన్ని. నేను ఏడ్చాను. రికార్డు చివర్లో, "అది కాదే, ఇంకో మాట విను..." అని మొదలుపెట్టింది. దాని మీద నా గొంతు వినిపించింది: "ఇక చాలు. కాసేపు నోరు మూసుకో పిన్నీ!" అక్కడితో రికార్డు అయిపోయింది.

"ఏంటి పిన్నీ ఆ ఇంకో మాట?" అని అడిగాను.

పిన్ని సుద్దముక్క పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. "గుర్తు లేదు" అని రాసింది.